ముందు ఇరుసు మొండిదైతేనే...

*పెద్ద టైర్లు, ఎత్తు లేపిన జీపులు ఇప్పుడు ఓరుగల్లు కుర్రకారు మోజు. బురదలోంచి బండిని బయటికి లాగేవి మాత్రం పైకి కనిపించని హబ్బు, బేరింగు, ఇరుసు. జీపు నుంచి ట్రాక్టర్ దాకా ముందు చక్రాల కథ ఇది.*

వరంగల్ ఆటోనగర్. వాన వెలిసి గంటయినా షెడ్డు రేకుల మీంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. మధ్యలో ఒక పాత మహీంద్రా జీపు, రెండు ఇనుప స్టాండ్ల మీద ముక్కు పైకెత్తి నిలబడి ఉంది. నంబరు ప్లేటు మీద ఏపీ 36. అంటే తెలంగాణ రాకముందు ఉమ్మడి వరంగల్ జిల్లాలో రిజిస్టరైన బండి. గోడకు ఆనించిన పెద్ద పళ్ల టైర్లు మాత్రం కొత్తవి. అంచుల్లోని రబ్బరు నూగు ఇంకా అరగనే లేదు. కుడివైపు హబ్బు ఊడదీసేసరికి నల్లటి గ్రీజు రావాల్సిన చోట తెల్లటి మడ్డి జారి, కింద పరిచిన గోనెసంచి మీద పడింది.

"ఉస్తాద్, టైర్లు ఎక్కించి నెల కాలే. స్టీరింగ్ పూర్తిగ తిప్పితె చాలు, లోపల కటకట అంటది."

"టైర్లు మంచిగనే ఉన్నయ్ తమ్మీ. లోపలి రాడ్డు మీ నాయిన కాలంది గదా! అదెట్ల ఓపుతది?"

మాట్లాడుతున్నా మెకానిక్ చేతులు ఆగలేదు. బేరింగును లాగి, డీజిల్‌లో కడిగి, వెలుతురుకు పట్టి వేలితో తిప్పాడు. రోలర్ల మీద గోధుమరంగు తుప్పు మచ్చలు. కుర్రాడు తొంగి చూశాడు. టైర్ల కోసం డబ్బు కూడబెట్టిన మనిషికి ఈ పిడికెడు ఇనుప వలయం సంగతి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

మోజు మొదలైంది ఇలా

2020 అక్టోబర్ 2న రెండో తరం మహీంద్రా థార్ మార్కెట్లోకి వచ్చింది. 2023 జూన్‌లో మారుతీ జిమ్నీ, 2024 ఆగస్టులో ఐదు తలుపుల థార్ రాక్స్ వచ్చాయి. అప్పటిదాకా జీపు అంటే పోలీసులు, అటవీశాఖ, పల్లెల్లో కిక్కిరిసిన కిరాయి బండ్లు గుర్తొచ్చేవి. ఇప్పుడది పెళ్లి ఊరేగింపుల్లో, కాలేజీ గేట్ల ముందు, లక్నవరం, బొగత దారుల్లో కనిపిస్తోంది. కొత్తది కొనలేనివాళ్లు పాత జీపులనో, సైన్యం వేలం వేసిన మారుతీ జిప్సీలనో వెతికి తెచ్చుకుంటున్నారు. తెచ్చిన వెంటనే చేసే మొదటి పని టైర్లు మార్చడం.

మోజు వెనక అవసరం కూడా ఉంది. ఉమ్మడి వరంగల్ చెరువుల నేల, వాగుల నేల. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందెన్నడూ నమోదు కాలేదు. మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచితే జనం మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. వాళ్లను కాపాడడానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. జంపన్నవాగు కొండాయి ఊరిని ముంచి ప్రాణాలు తీసింది. వానాకాలంలో ఏజెన్సీ పల్లెకు బాలింతను చేర్చాలన్నా, బియ్యం బస్తా తీసుకెళ్లాలన్నా బురదలో దిగబడకుండా కదిలే బండి కావాలి. అక్కడ నాలుగు చక్రాలూ లాగే బండి ఎవరికీ షోకు వస్తువు కాదు.

అందుకే ఈ మాట సూటిగా చెప్పుకోవాలి. బండికి బలం లోపలి నుంచి పెంచుకుంటూ రావాలి. హబ్బు, బేరింగు, సీలు, ఇరుసు రాడ్డు సరిగ్గా లేకుండా పెద్ద టైరు ఎక్కించడమంటే విరగబోయే చోటును మనమే ఎంచుకోవడం.

యుద్ధం జీపు, రైతు జీపు

మామూలు కారులో ముందు చక్రాలు తిరగడమూ, మలుపు తీసుకోవడమూ ఒకే చోట జరుగుతాయని మనం ఆలోచించం. జీపులో ఆ చోటు చూడాల్సిందే. ముందు రెండు చక్రాల మధ్య ఒక లావాటి ఇనుప గొట్టం ఉంటుంది. దాన్నే మెకానిక్‌లు హౌసింగ్ అంటారు. దాని మధ్యలో, కొంచెం ఒక పక్కకు జరిగి, ఉబ్బెత్తు గుండు, డిఫరెన్షియల్. అందులో క్రౌన్, పినియన్ అనే గేర్లు. అక్కడి నుంచి రెండు వైపులా చక్రాల దాకా ఇరుసు రాడ్లు. ఇంజన్ బలం ఈ దారిలో చక్రాన్ని చేరాలి, ఆ చక్రం మళ్లీ కుడికీ ఎడమకూ తిరగాలి. రాడ్డు చివర, చక్రం దగ్గర ఉండే జాయింటు ఈ రెండు పనులనూ ఒకేసారి మోస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, బురదలో ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు మొదట అరిచేది అదే.

1941లో విల్లీస్ కంపెనీ రెండో ప్రపంచ యుద్ధం కోసం తయారుచేసిన జీపులో ముందు ఇరుసు డానా 25 రకం. అంత తేలికైన బండికి, సుమారు 28 అంగుళాల ఎత్తున్న సన్నటి 6.00-16 టైర్లకు అది చక్కగా సరిపోయింది. మహీంద్రా సంస్థ 1940ల చివర్లో విడిభాగాలు తెప్పించి బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టింది. తర్వాత దశాబ్దాల పాటు సీజే3బీ, ఎంఎం540, మేజర్ అంటూ పేర్లు మారినా, కమాన్ పట్టీల మీద నిలబడి, రెండు చక్రాలనూ ఒకే గొట్టంతో కలిపే మొండి ఇరుసు మాత్రం మారలేదు. 2010లో వచ్చిన మొదటి థార్‌లో సీఆర్‌డీఈ ఇంజన్ రకానికి ముందు చక్రాలు విడివిడిగా కదిలే అమరిక ఇచ్చారు. రోడ్డు మీద సుఖం పెరిగింది. రాళ్ల దారిలో ఒక చక్రం పైకి లేస్తే రెండోదాన్ని కిందికి నొక్కిపట్టే గుణం మొండి ఇరుసుదే కాబట్టి, కొందరు ఆ కొత్త అమరికను తీసేసి పాత పద్ధతి మొండి ఇరుసు బిగించుకున్నారు. అంత ఖర్చు పెట్టి వెనక్కి వెళ్లారని నవ్వినవాళ్లున్నారు. రాళ్లలో తిరిగే మనిషికి అది సరైన లెక్కే.

మారుతీ జిప్సీది ఇంకో దారి. 1985 డిసెంబర్‌లో వచ్చిన జిప్సీ వెడల్పు తక్కువ. వంపుల్లో ఒరుగుతుందనే పేరు వచ్చింది. 1993లో కంపెనీయే ఇరుసుల వెడల్పును 90 మిల్లీమీటర్లు పెంచి కొత్త రకం తెచ్చింది. ముందు ఇరుసు మార్పు అంటే ఏమిటో కంపెనీ స్వయంగా చేసి చూపించిన సందర్భం అది. పాత లోబానెట్ జీపుల యజమానులు తర్వాతి తరం జీపుల వెడల్పాటి ఇరుసులు తెచ్చి వేసుకోవడం వెనక ఉన్నదీ ఇదే ఆలోచన. బండి నిలకడ పెరుగుతుంది. లోపల రాడ్లు, బేరింగులు కూడా కొంచెం లావైనవి దొరుకుతాయి.

హబ్బు మీద చిన్న తాళం

యుద్ధం ముగిశాక అమెరికాలో సైన్యం వదిలేసిన జీపులు రైతుల చేతికొచ్చాయి. తారురోడ్డు మీద ముందు చక్రాలకు ఇంజన్ బలం అక్కర్లేదు. అయినా చక్రం తిరిగినంతసేపూ దానికి అతుక్కున్న రాడ్డు, క్రౌన్, పినియన్, పొడవాటి షాఫ్టు అన్నీ వృథాగా తిరిగేవి. అరుగుదల, చప్పుడు, ఇంధనం దండగ. 1948లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఆర్థర్ వార్న్, ఆయన భార్య సాడీ కలిసి ఒక చిన్న సంస్థ పెట్టారు. చక్రాన్ని రాడ్డు నుంచి విడదీసి, కావాలన్నప్పుడు మళ్లీ కలిపే హబ్బు తయారుచేసి అమ్మారు. ఈనాటికీ జీపు చక్రం నడిమధ్యలో కనిపించే ఆ గుండ్రటి తిప్పుడు బిళ్ల ఆ ఆలోచన నుంచి వచ్చిందే.

> ఫ్రీ... లాక్...
>
> బిళ్లను 'ఫ్రీ' వైపు తిప్పితే చక్రం తన బేరింగుల మీద ఒంటరిగా తిరుగుతుంది, లోపలి రాడ్డు నిద్రపోతుంది. 'లాక్' వైపు తిప్పితే పళ్లున్న రింగు జరిగి రాడ్డునూ చక్రాన్నీ ఒకటి చేస్తుంది. లోపల ఫోర్ బై ఫోర్ లివర్ వేసి, బయట హబ్బులు ఫ్రీలో వదిలేస్తే ముందు చక్రాలకు బలం అందదు. బండి దిగబడ్డాక 'ఫోర్ బై ఫోర్ పనిచేస్తలేదు' అని వచ్చే ఫిర్యాదులో ముందు చూడాల్సింది ఇదే. రెండు హబ్బులూ ఒకే తీరుగా ఉండాలి. బురదలోకి దిగకముందే, గట్టి నేల మీద ఉన్నప్పుడే తిప్పుకోవాలి. తిరిగి తారురోడ్డెక్కగానే లివర్ తీసేయాలి. లేకపోతే మలుపుల్లో ముందు, వెనక చక్రాల వేగాలు కలవక లోపల పళ్ల మీద ఒత్తిడి పేరుకుంటుంది.

దిగి తిప్పే బాధ తప్పించడానికి ఆటోమేటిక్ హబ్బులు వచ్చాయి. లివర్ వేసి బండి కదిలిస్తే అవే పట్టుకుంటాయి. వానలో దిగనక్కర్లేదు, సుఖమే. కానీ వాటిలో చాలా రకాలు బండి దిశ మారగానే ఒకసారి పట్టు వదిలి మళ్లీ పట్టుకుంటాయి. బురదలో ఇరుక్కున్నవాడు చేసేదేమిటి? ముందుకూ వెనక్కూ బండిని ఊపడం. సరిగ్గా ఆ సమయంలోనే హబ్బు పట్టు జారుతుంది, జారి పట్టుకునేటప్పుడు పళ్లు దెబ్బతింటాయి. అందుకే ఊరి బయట బండిని నిజంగా వాడేవాళ్లు మొదట చేయించే మార్పు ఆటోమేటిక్ హబ్బులు తీసేసి చేత్తో తిప్పేవి పెట్టించడం. ఖర్చు ఇరుసు మార్పుతో పోలిస్తే చాలా తక్కువ. ఫలితం మొదటి రోజే తెలుస్తుంది. ఈ రంగంలో ఇంత తక్కువలో ఇంత మేలు చేసే మార్పు ఇంకొకటి లేదనే నా అభిప్రాయం.

టైరుకు ముందు చేయాల్సినవి

టైరు పెరిగితే ఏమవుతుంది? 28 అంగుళాల చోట 33 అంగుళాల టైరు వేస్తే నేలను పట్టుకునే చోటుకూ ఇరుసు నడుముకూ మధ్య దూరం దాదాపు 18 శాతం పెరుగుతుంది. నేల పట్టు అంతే ఉన్నా రాడ్డు మీద మెలితిప్పే బలం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. తడిబట్టను పిండినట్టు రాడ్డును రెండు వైపులా తిప్పే బలం అది. దాన్ని ఓర్చే శక్తి రాడ్డు మందంతో పాటు చాలా వేగంగా పెరుగుతుంది. మందం పదిశాతం పెరిగితే ఓర్పు ముప్పై మూడు శాతం పెరుగుతుంది. కాబట్టి కాస్త లావైన రాడ్డు, మంచి మిశ్రమ ఉక్కుతో చేసినది, పెద్ద తేడా చూపిస్తుంది.

అయితే రాడ్డు దగ్గరికి వెళ్లకముందే చూడాల్సినవి ఉన్నాయి. కింగ్‌పిన్ బేరింగులు అరిగిపోయి, టై రాడ్ ఎండ్లు వదులైన బండి ఒక వేగం దాటగానే, చిన్న గుంట తగలగానే ముందు చక్రాలు రెండూ పిచ్చెత్తినట్టు ఊగుతాయి. స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కుపోతుంది. మొండి ఇరుసు జీపులకు ఇది పాత జబ్బు. పెద్ద టైరు బరువు దాన్ని ఇంకా పెంచుతుంది. బండిని ఎత్తు లేపేటప్పుడు ఇరుసు వాలు మారితే, స్టీరింగ్ తనంతట తాను నేరుగా వచ్చే గుణం తగ్గుతుంది. హైవే మీద నర్సంపేట నుంచి కుటుంబంతో వస్తున్న మనిషికి ఈ ఊగుడు ఎదురైతే ఏం జరుగుతుందో ఊహించుకోండి. అలాంటి బండికి ముందు స్టీరింగ్ ఎండ్లు, కింగ్‌పిన్లు, బేరింగులు, ఆయిల్ సీళ్లు. తర్వాత బ్రేకులు. పాత డ్రమ్ముల చోట డిస్కులు వేయించుకునే అవకాశం ఉంటే అది టైర్ల కంటే ముందు వరుసలో ఉండాలి. పెద్ద చక్రాన్ని ఆపడం చిన్న చక్రాన్ని ఆపినంత తేలిక కాదు. ఆ తర్వాతే హబ్బులు, రాడ్లు, అవసరమైతే మొత్తం హౌసింగ్. టైరు వంతు చివరిది.

ఇరుసు మొత్తం మార్చేటప్పుడు ఒక లెక్క తప్పితే మిగతా అంతా వృథా. ముందు, వెనక క్రౌన్-పినియన్ నిష్పత్తి ఒకటే ఉండాలి. యుద్ధకాలపు జీపుల్లో అది 4.88. తర్వాతి పౌర జీపుల్లో 5.38. అంటే మొదటి దాంట్లో క్రౌన్‌కు 39 పళ్లు, పినియన్‌కు 8. రెండో దాంట్లో 43, 8. పాత సామాను దుకాణంలో దొరికిన ఇరుసు బయటికి అచ్చం మన బండిదానిలాగే ఉండొచ్చు. మూత విప్పి పళ్లు లెక్కపెట్టకుండా కొన్నవాళ్లు లివర్ వేసిన మొదటి కిలోమీటర్‌లోనే ముందు చక్రాలు ఒక వేగం, వెనక చక్రాలు ఒక వేగం కోరుతుంటే గేర్లు పగలగొట్టుకుంటారు. అనుభవం ఉన్న మెకానిక్ బేరం మాట్లాడే ముందే మూత విప్పిస్తాడు.

పాత జీపుల ముందు ఇరుసులో ఒక గొప్ప గుణం ఉంది, కొత్త బండ్ల వాళ్లకు అది తెలియదు. అందులో చక్రం బరువంతా స్పిండిల్ మీద, రెండు బేరింగుల మీద ఉంటుంది. రాడ్డు తిప్పడానికే తప్ప మోయడానికి కాదు. తాడ్వాయి దాటాక రాడ్డు విరిగినా భయం లేదు. హబ్బులు ఫ్రీ చేసి, విరిగిన ముక్క జాయింటు దగ్గర అడ్డం పడకుండా చూసుకుని, వెనక చక్రాల మీద ఇల్లు చేరొచ్చు. చాలా కొత్త బండ్లలో హబ్బు, బేరింగు కలిసి ఒకే ముక్కగా వస్తున్నాయి. వాటిని బిగించి పట్టేది రాడ్డు చివరి నట్టే. అక్కడ రాడ్డు తీసేసి నడిపితే బేరింగు విడిపోయి చక్రమే ఊడే ప్రమాదం. పాత జీపు చిట్కాను కొత్త బండి మీద ప్రయోగించకూడదు.

కరిగెటలో నాలుగు చక్రాలు

జీపుల సంఖ్య ఎంతనుకున్నా, ఓరుగల్లు నేల మీద రోడ్డు దిగి తిరిగే అసలైన బండి ట్రాక్టరే. ముందు ఇరుసు మార్పు ఎక్కువ కుటుంబాల బతుకును తాకింది కూడా అక్కడే. సంఖ్యలో ఇప్పటికీ వెనక చక్రాలు మాత్రమే లాగే ట్రాక్టర్లే ఎక్కువ. వాటి ముందు ఇరుసు మధ్యలో ఒక పిన్ను మీద ఊగే దూలం, రెండు చిన్న చక్రాలు, అంతే. కరిగెటలో ఆ చిన్న చక్రాలు లాగవు సరికదా, బురదను ముందుకు తోస్తూ అడ్డం పడతాయి.

నాట్ల రోజుల్లో కాలువ నీళ్లు వచ్చాయంటే ఊరంతా ఒకేసారి ట్రాక్టర్ కోసం ఎదురుచూస్తుంది. కిరాయి డ్రైవర్ రాత్రీ పగలూ తేడా లేకుండా ఒక మడి నుంచి ఇంకో మడికి దూకుతుంటాడు. వెనక చక్రాలకు ఇనుప కేజ్‌వీల్స్. అర్ధరాత్రి, హెడ్‌లైట్ల వెలుగులో, ఏటా రెండు పంటలు వేసి లోతుగా మెత్తబడిన మడిలో వెనక చక్రాలు దిగబడతాయి. బయటపడాలని కేజ్‌వీల్‌కు దుంగ కట్టి గేరు వేస్తాడు. దుంగ అడ్డుపడి చక్రం తిరగనంటే ఇంజన్ బలం ఊరుకోదు, ట్రాక్టర్ ఒళ్లంతటినీ వెనక ఇరుసు చుట్టూ పైకి లేపుతుంది. ముక్కు లేచి వెనక్కి పడడానికి సెకను చాలు. సీటు మీది మనిషికి దూకే వ్యవధి ఉండదు. ఇలా పోయిన ప్రాణాల వార్తలు ప్రతి నాట్ల కాలంలోనూ జిల్లా పేజీల్లో మూలన ఎక్కడో కనిపిస్తాయి.

ముందు ఇరుసుకూ బలం అందే ట్రాక్టర్‌లో ముందు బరువు ఎక్కువ, ముందు చక్రాలు కూడా బురదను తవ్వి ఎక్కుతాయి. దిగబడడం తగ్గుతుంది కాబట్టి దుంగ కట్టే అవసరమూ తగ్గుతుంది. ప్రమాదం పూర్తిగా పోయిందనుకుంటే పొరపాటే. దిగబడ్డాక దుంగ కట్టడం ఏ ట్రాక్టర్‌తోనూ చేయకూడని పని. వెనక్కి నడిపి చూడాలి, లేదంటే ఇంకో బండితో లాగించాలి.

ఈ ట్రాక్టర్లలో రైతుకు తెలియాల్సిన ఒక కీలకం ఉంది. ముందు చిన్న చక్రాలు, వెనక పెద్ద చక్రాలు కలిసి నడవడానికి ముందు వాటి అంచు వేగం వెనక వాటికంటే ఒకటి నుంచి ఐదు శాతం దాకా ఎక్కువ ఉండేలా గేర్లు అమరుస్తారు. ఆ చిన్న తేడా ఉంటేనే ముందు ఇరుసు లాగుతుంది. ముందు టైర్లు చౌకగా దొరికాయని వేరే సైజువి వేసినా, ఒక జత కొత్తవి, ఒక జత బాగా అరిగినవి ఉన్నా ఆ లెక్క చెడుతుంది. లాగాల్సిన చక్రాలు ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. లివర్ వేసి తారురోడ్డు మీద ట్రాలీతో ఊరు దాటే అలవాటు ముందు టైర్లను ఒకే సీజన్‌లో గుండు చేస్తుంది, ఇరుసు లోపలి గేర్లనూ తింటుంది.

ఇంకో శత్రువు మడిలోనే ఉంటుంది. వరికొయ్యలు, తుంగ, నైలాన్ తాళ్లు, పాత వలల ముక్కలు హబ్బు చుట్టూ చుట్టుకుని లోపలికి దూరి ఆయిల్ సీలును కోస్తాయి. బయటికి నూనె చుక్కలు కారడం మొదలైందంటే లోపలికి బురదనీళ్లు వెళ్లడం కూడా మొదలైనట్టే. సాయంత్రం బండి కడిగేటప్పుడు హబ్బుల దగ్గర వేలు పెట్టి తాళ్లు తీసే పది నిమిషాలు పెద్ద రిపేరును తప్పిస్తాయి. ఇంట్లో ట్రాక్టర్ కడిగే పని చాలాచోట్ల పిల్లలదో, జీతగాడిదో. ఆ పని ఎంత విలువైందో వాళ్లకు చెప్పినవాళ్లు తక్కువ.

వాగు ముందు తలవంచాలి

కొత్త థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో నడవగలదని కంపెనీ చెబుతుంది. అది నిలకడగా ఉన్న నీటి లెక్క. పారే నీరు వేరు. రెండడుగుల లోతు ప్రవాహం చాలా వాహనాలను పక్కకు తేల్చి మోసుకుపోగలదు. టైర్లు పెద్దవైతే నీటిలో తేలే గుణం ఇంకొంచెం పెరుగుతుంది కూడా. కల్వర్టు మీద నీళ్లు పొర్లుతున్నప్పుడు కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు. ఇరుసు ఎంత బలమైనదైనా నేల లేని చోట చేసేదేమీ లేదు. ఫోర్ బై ఫోర్ ఉందన్న ధీమాతో వాగులోకి దిగే వీడియోలు చూసినప్పుడల్లా కడుపులో దేవినట్టవుతుంది. ఆగిపోవడం చేతకాని డ్రైవర్‌కు ఏ మార్పూ సరిపడదు.

> నీళ్లలోంచి బయటికొచ్చాక
>
> ఎండలో నడిచి వేడెక్కిన ఇరుసు ఒక్కసారిగా చల్లటి నీళ్లలోకి దిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఆ ఖాళీ అరిగిన సీళ్ల సందుల్లోంచి నీటిని లోపలికి పీలుస్తుంది. హౌసింగ్ మీద ఉండే గాలి గొట్టం నీటి మట్టం కంటే పైన ఉంటే ఈ ముప్పు తగ్గుతుంది. దాన్ని రబ్బరు పైపుతో ఇంజన్ గది దాకా పొడిగించడం చాలా చౌకైన మార్పు. బయటికొచ్చాక డిఫరెన్షియల్ నూనె పాలరంగుకు మారిందా చూడండి. మారితే పూర్తిగా తీసి కొత్తది పోయాలి. హబ్బులు విప్పి పాత గ్రీజు కడిగి కొత్తది నింపాలి. బేరింగు నట్టును చక్రం తిప్పుతూ బిగించి, తర్వాత కొద్దిగా వెనక్కి వదలాలి. మరీ బిగిస్తే వేడెక్కి కాలిపోతుంది, మరీ వదిలితే చక్రం ఊగుతుంది. బ్రేకులు ఆరేదాకా నెమ్మదిగా, తొక్కుతూ వదులుతూ నడపండి.

అడవి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ అనుమతి లేకుండా బండితో చొరబడడం నేరం. మంచి ఇరుసు వేసుకున్న ప్రతి మనిషికీ ఎక్కడో దాన్ని పరీక్షించాలని ఉంటుంది. ఆ పరీక్ష చేలల్లో, సొంత స్థలంలో, అనుమతి ఉన్న ట్రాకుల మీద జరగాలి. గుడ్లు పెట్టిన పక్షి గూడు మీదుగా కాదు.

ఆర్సీ పుస్తకంలో చోటెక్కడ?

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అంతకుముందే, 2017 డిసెంబర్‌లో కేంద్రం బండి ముందు బిగించే ఇనుప గార్డుల మీద చర్యకు ఆదేశించింది. అరిగిన భాగాన్ని అదే రకం కొత్త భాగంతో మార్చడానికి ఏ అడ్డంకీ లేదు. ఇరుసు వెడల్పు మార్చడం, వేరే బండి ఇరుసు వేయడం, కంపెనీ చెప్పని సైజు టైర్లు ఎక్కించడం వేరే సంగతి. ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొదట చూసేది ఇవే. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ప్రతి ఐదేళ్లకూ రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, ఆ తనిఖీలోనూ ఇవి బయటపడతాయి.

చట్టం ఉద్దేశం సరైనదే. రోడ్డు మీద నడిచే మనిషి ప్రాణం ఒకరి సరదా కంటే విలువైనది. కానీ పాత జీపుకు డ్రమ్ముల చోట డిస్క్ బ్రేకు వేసినవాడినీ, చక్రాలు బాడీ బయటికి రెండు జానలు పొడుచుకొచ్చేలా చేసినవాడినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. మొదటివాడు బండిని భద్రంగా మారుస్తున్నాడు. చాలా దేశాల్లో ఇలాంటి మార్పును ఇంజనీరు పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే దారి ఉంది. మన దగ్గరా అలాంటి దారి ఏర్పడితే, చాటుమాటుగా సాగుతున్న మంచి పని వెలుగులోకి వస్తుంది, చెడ్డ పని ఆగుతుంది.

చేతుల్లో ఉన్న చదువు

వరంగల్‌లో 1959లో పునాది పడ్డ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ, ఇప్పటి నిట్, ఉంది. బాజా అనే పోటీల కోసం దేశమంతటా ఇలాంటి కాలేజీల విద్యార్థులు రాళ్లూ బురదా తొక్కే ఒంటి సీటు బండ్లను స్వయంగా తయారుచేస్తారు. 1976లో అమెరికాలో మొదలైన ఈ పోటీ 2007లో మన దేశానికి వచ్చింది. హబ్బు ఎక్కడ పగులుతుందో, సీలు ఎందుకు కారుతుందో ఆ పిల్లలు కంప్యూటర్ తెర మీద లెక్కగడతారు. అదే సంగతిని ఆటోనగర్ ఉస్తాద్ చప్పుడు విని చెబుతాడు. ఈ ఇద్దరూ ఒకే నగరంలో ఉన్నారు, ఒకరి షెడ్డు గుమ్మం ఇంకొకరు తొక్కడం మాత్రం అరుదు.

మొండి ఇరుసు మర్మం తెలిసిన తరానికి వయసు మీద పడుతోంది. పన్నెండేళ్లప్పుడు స్పానర్లు అందించడంతో మొదలై, మాటలతో కాకుండా దెబ్బలు తిని నేర్చుకున్నవాళ్లు చాలామంది. వాళ్ల కొడుకులు ఆ పనిలోకి రావడం లేదు. దెబ్బలు తిని నేర్చుకోవాల్సిన అవసరం ఇంకే పిల్లవాడికీ రాకూడదు. కానీ ఆ విద్య పోకూడదు. రాష్ట్రంలోని 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన శిక్షణ కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలైంది. రోబోలు, ఎలక్ట్రిక్ వాహనాలు అక్కడ పాఠాలు. మంచిదే. ఉమ్మడి వరంగల్‌లో జరగాల్సింది ఇంకొకటుంది: ఒక పాత జీపు ఇరుసు, ఒక ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రాక్టర్ ఇరుసు, రెండూ విప్పి బల్ల మీద పెట్టి, వారానికి రెండు రోజులు ఒక ఉస్తాద్‌ను గౌరవ వేతనంతో పిలిచి పిల్లలకు చెప్పించాలి. బేరింగు నట్టు ఎంత బిగించి ఎంత వదలాలో చేత్తో తెలుసుకున్న పాతికమంది ఏటా బయటికొస్తే, వచ్చే నాట్ల కాలానికి పరకాల, నర్సంపేట, ములుగు రైతులు ట్రాక్టర్ సీలు మార్పించుకోవడానికి నగరం దాకా రావాల్సిన పని ఉండదు.